కీ.శే. అని పెట్టేముందు

టైపు టీచరుగారు పోయారు. తిరువూరులోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఆమెను అందరూ అలాగే పిలిచేవారు గనుక నేనూ ఇక్కడ అలాగే రాస్తున్నాను. కొద్ది రోజులుగా విజయవాడలో ఆసుపత్రిలో ఉన్నారు. ఆ వేళ నేను వినగడప నుంచి పొద్దుటి బస్సుకు వచ్చి షాపు షట్టరు ఎత్తుతుంటే సార్ ఫోన్ చేశారు. సార్ అంటే టీచరుగారి భర్త, బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి.

"మీ టీచరుగారు తెల్లారుజామున పోయిందమ్మా," అన్నారు.

వెంటనే ఆయనే అడిగారు. "ఇవాళ ఎవరికన్నా కార్డులు ఇవ్వాల్సినవి ఉన్నాయా?"

"రెండు ఆర్డర్లు ఉన్నాయి సార్."

"అయితే అవి ఇచ్చేసే రా. లేకపోతే ఆవిడ అడుగుతుంది."

అడుగుతుంది అన్నారు. ఆ మాట పట్టుకునే ఆ పూట షాపులో కూర్చోగలిగాను. ఒక పెళ్ళివారు, ఒక గృహప్రవేశం వాళ్ళు వచ్చి కార్డులు తీసుకెళ్ళారు. వాళ్ళకు ఏమీ చెప్పలేదు. శుభకార్యం కార్డులు చేతిలో పెడుతూ చావు కబురు చెప్పకూడదన్నది కూడా ఆమె నేర్పిందే.

షాపు అనేది తర్వాతి మాట. మొదట అది టైపు ఇన్‌స్టిట్యూటు. బస్టాండుకు దగ్గరలో, మందుల షాపు పైన, మేడ మీద ఒకే ఒక్క పొడవాటి గది. అందులో పన్నెండు మిషన్లు ఉండేవట. నేను చూడలేదు. నేను వచ్చేసరికి అవన్నీ ఇనుప సామానుకు వెళ్ళిపోయి, వాటి చోట రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడకు పెళ్ళికార్డుల నమూనాలు ఉన్నాయి. మిషన్లు పట్టుకెళ్ళే రోజున టీచరుగారు ఒక్కోదానికీ నూనె వేసి, తుడిచి మరీ లారీ ఎక్కించారని సార్ చెప్పారు. పాత ఇనుము కొనేవాడు నవ్వాడట. "నీకు ఇనుమే. వాటికి మాత్రం ఇంకా పరీక్ష అయిపోయినట్టు తెలీదు," అన్నారట ఈమె.

ఇన్‌స్టిట్యూటు పోయినా టీచరు అనే పేరు పోలేదు. పద్ధతులూ పోలేదు. ప్రూఫు చదవాల్సి వస్తే కాగితం మీద స్టీలు స్కేలు పెట్టి, చివరి లైను నుంచి మొదటి లైనుకు పైకి చదివేవారు. పై నుంచి కిందికి చదివితే కళ్ళు అర్థం వెంట పరిగెత్తుతాయి, అక్షరం దగ్గర ఆగవు అనేవారు. తప్పు ఒకటి దొరికితే నేను సంబరపడేదాన్ని. ఆమె మాత్రం "అక్కడే ఆగకు. దాని తమ్ముడు పక్కనే ఎక్కడో ఉంటాడు, వెతుకు," అనేవారు. నిజంగానే ఉండేవాడు.

నేను చేరేనాటికి నాకు పెళ్ళయి రెండేళ్ళు. డిగ్రీలో కంప్యూటర్లు చదివానన్న మాటే గాని మా అత్తగారింట్లో ఆ చదువుతో పని లేదు. ఉద్యోగానికి పంపడం మా మామగారికి ఇష్టం లేదు. "ఆర్నెల్లు చూద్దాం, ఏదన్నా తేడా వస్తే మానేద్దువుగాని," అన్న షరతు మీద రోజూ బస్సెక్కేదాన్ని. ఆ సంగతి టీచరుగారికి చెప్పాను. ఆమె అంతా విని, "ఎక్కడ కూర్చుంటావు? ఫ్యాను కిందా, కిటికీ దగ్గరా?" అని మాత్రం అడిగారు.

మా పని ఎలా ఉంటుందో రెండు ముక్కల్లో చెప్పాలి. కార్డు డిజైను చేసే సాఫ్ట్‌వేర్‌లో బొమ్మంతా ఒకే పలక మీద ఉండదు. పల్చటి కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు ఉంటుంది. వాటిని లేయర్లంటారు. వినాయకుడు ఒక లేయరు, అంచు తీగలు ఒకటి, పేర్లు ఒకటి, ముహూర్తం ఒకటి. ఒక్కో లేయరు పక్కన చిన్న కన్ను గుర్తు ఉంటుంది. కన్ను మీద నొక్కితే ఆ లేయరు మాయమవుతుంది, మళ్ళీ నొక్కితే కనిపిస్తుంది. ఒక్క పెళ్ళికి ఆడపెళ్ళివారి కార్డు వేరు, మగపెళ్ళివారి కార్డు వేరు, వాకిట్లో కట్టే ఫ్లెక్సీ వేరు, ఫోన్లలో పంపుకునే బొమ్మ వేరు. అన్నీ ఒకే ఫైలు నుంచి, ఏ కన్ను మూయాలో ఏది తెరవాలో చూసుకుంటూ తీయాలి. అప్పట్లో అదంతా చేత్తోనే చేసేవాళ్ళం.

నేను చేరిన మూడో నెలలో పెనుగొలను నుంచి ఒక రైతు కుటుంబం వచ్చి కొడుకు పెళ్ళికార్డు చేయించుకుంది. పెళ్ళికొడుకు తాతగారు ఉన్నారు, నాయనమ్మ లేరు. అంటే తాతగారి పేరు ముందు శ్రీ ఉండాలి, నాయనమ్మ పేరు ముందు కీ.శే. ఉండాలి. అంతకుముందు ఇదే నమూనాలో వేరే వాళ్ళకు చేసిన కార్డులో తాత లేరు, నాయనమ్మ ఉన్నారు. ఆ కీ.శే., ఆ శ్రీమతి కూడా ఫైల్లో వేరే లేయరుగా, కన్ను మూసి ఉన్నాయి. టీచరుగారు ప్రూఫు కింది నుంచి పైకి చదివి సరే అన్నారు. మర్నాడు ఆమె బంధువుల పెళ్ళికి వెళ్ళారు. ఆ రోజే పెళ్ళివారు ఫోన్ చేసి వినాయకుడి రంగు మార్చమన్నారు. నేను నాలుగైదు లేయర్ల కళ్ళు మూసి, రంగు మార్చి, మళ్ళీ కళ్ళు తెరిచాను. ఆ తెరవడంలో రెండు తారుమారయ్యాయి. బస్సుకు టైమవుతోందని మళ్ళీ చదవలేదు. ప్రెస్సుకు పంపేశాను.

కార్డులు అచ్చయ్యాయి, సగానికి పైగా పంచారు కూడా. అప్పుడు తెలిసింది.

పెళ్ళికొడుకు తల్లీ తండ్రీ షాపుకొచ్చారు. ఆయన గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఆమె కార్డు తెచ్చి టేబులు మీద పెట్టింది.

"పెళ్ళి పెట్టుకున్న ఇంట్లో పెద్దాయన్ని చంపేశారేంటండీ? ఆయన వాకిట్లో మంచమేసుకుని కూర్చున్నాడు. ఆయన ముందు ఈ కార్డు ఎట్టా పెట్టమంటారు?" అంది.

టీచరుగారు కార్డు తీసుకుని చూశారు. ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. కుర్చీలోంచి లేచి నిలబడి, "తప్పు నాదండి. నేనే చూసి పంపాను," అన్నారు.

నేను ప్రింటరు పక్కన ఉన్నాను. "టీచరుగారూ..." అన్నాను.

"నువ్వు వెళ్ళి వీళ్ళకి మంచినీళ్ళు పట్రా అమ్మాయ్," అన్నారు.

నేను నీళ్ళు తెచ్చేసరికి ఆ మాట అయిపోయింది. తప్పు ఆమె పేరు మీద పడిపోయింది. అదే రోజు కొత్త కార్డులకు ప్రెస్సుతో మాట్లాడారు. అంతటితో ఊరుకుంటారనుకున్నాను. "రేపు పెనుగొలను వెళ్దాం. ఆయన్ని చూసి రావాలి," అన్నారు.

వెళ్ళాం. తాతగారు నిజంగానే వాకిట్లో మంచం మీద ఉన్నారు. పల్చటి మనిషి, తెల్లటి బనియను, మెడలో తువ్వాలు. టీచరుగారు రెండు చేతులూ జోడించి తనెవరో చెప్పారు. ఆయన మంచం మీద కొంచెం జరిగాడు.

"కూర్చోండమ్మా. చచ్చినోడి పక్కన కూర్చోటానికి భయమేం లేదుగా?" అన్నాడు.

టీచరుగారు కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను.

"మొన్న ఎ.కొండూరు నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు," అని ఆయన నా వైపు చూసి చెప్పసాగాడు. "నేనే ఎత్తా. 'మావయ్య ఎప్పుడు పోయాడు, మాకు కబురన్నా చెయ్యలేదే,' అన్నాడు. 'నాకూ ఇప్పుడే తెలిసిందిరా,' అన్నా."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. టీచరుగారు నవ్వలేదు. "క్షమించమని అడగటానికి వచ్చాను," అన్నారు.

ఆయన దిండు కింది నుంచి కార్డు తీశాడు. వేలితో ఒక చోట చూపించాడు. తన పేరు ముందు కాదు, భార్య పేరు ముందు. అక్కడ శ్రీమతి అని ఉంది.

"ఇది పోయి తొమ్మిదేళ్ళు. ఇన్నాళ్ళకి దీని పేరు ముందు ఈ మాట చూశా. బాగుందమ్మా చూడ్డానికి," అన్నాడు. కార్డు మళ్ళీ దిండు కిందికి తోస్తూ, "పాత కార్డులన్నీ పొయ్యిలో పెడతానంటోంది మా కోడలు. ఇదొక్కటి నా దగ్గర ఉంచుకుంటా. కోడలికి చెప్పమాకండి," అన్నాడు.

తిరుగు బస్సెక్కాం. నాకు మనసు కొంచెం తేలికపడింది. అది ఆమె కనిపెట్టినట్టున్నారు. "ఆయన పెద్దమనసుతో నవ్వించాడు. అంతమాత్రాన మన తప్పు చిన్నదైపోదు," అన్నారు.

ఊళ్ళో అది చిన్నదిగా ఉండనూ లేదు. ఆ షాపులో కార్డు వేయిస్తే బతికున్నవాళ్ళు పోతారన్న మాట పుట్టింది. కూరగాయల దగ్గర ఎవరో ఆమె వినేలాగే అన్నారట. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో సగం మందికి వేళ్ళు పట్టుకుని టైపు నేర్పిన మనిషి ఆ మాట విని వంకాయలు సంచిలో వేసుకుని ఇంటికొచ్చారు. ఆ వేసవిలో పెళ్ళిళ్ళకు కొదవ లేదు గాని మా షాపుకు కార్డు పని దాదాపు రాలేదు. గోడ మీది నమూనాల మీద దుమ్ము తుడవడమే పని.

ఆ ఖాళీలోనే ఆమె మొదలుపెట్టారు. ఒక రోజు నన్ను పిలిచి, "చేతికి అలవాటైతే చాలదు, కంటికి అనుమానం ఉండాలి అని చెబుతూ ఉంటాను కదా. కన్ను కూడా అలిసిపోతుంది. ఏ లేయరు తెరిచి ఉంది, ఏది మూసి ఉందీ కంప్యూటరే రాసిపెట్టుకుని, మళ్ళీ అడిగినప్పుడు అలాగే పెట్టలేదా?" అన్నారు.

స్క్రిప్టు రాస్తే పెడుతుందని నాకు తెలుసు. చేయవలసిన పనులు వరసగా రాసిచ్చే చీటీ లాంటిది అది. సాఫ్ట్‌వేర్ ఆ చీటీ చదువుకుని వరసగా చేసేస్తుంది. కాలేజీలో అలాంటివి పరీక్ష కోసం రాశాను, మర్చిపోయాను. ఆమెకు అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. కొత్త నోటుబుక్కు కొన్నారు. నేను గుర్తున్నంత వరకు చెబుతుంటే షార్టుహ్యాండులో రాసుకునేవారు. గీతలూ చుక్కలూ తప్ప నాకేమీ అర్థమయ్యేది కాదు.

అర్థం కానిచోట ఇంటర్నెట్టులో, తెలిసినవాళ్ళు జవాబులు చెప్పే చోట అడగవచ్చని చెప్పాను. ఆమె ఇంగ్లీషులో దరఖాస్తు రాసినట్టు రాశారు. పైన అయ్యా అని సంబోధన, తర్వాత విషయం, కింద విధేయురాలు. ఎక్కడో ఎవరో ఒక్క లైనులో జవాబిచ్చారు. ఆ లైనుకు ఈమె ఒక పేజీ కృతజ్ఞతలు టైపు చేశారు, మార్జిను వదిలి.

ఆ రెండు నెలలూ మేం పడ్డ తిప్పలు ఇప్పుడు తలుచుకుంటే ముచ్చటగా ఉంటుంది. స్క్రిప్టు లేయర్ల పేర్లు, కళ్ళ సంగతి, ఎంత పల్చగా ఉండాలి, తాళం వేసి ఉందా లేదా అన్నవి ఒక టెక్స్టు ఫైల్లో రాయాలి. మొదటిసారి రాసినప్పుడు తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలై కూర్చున్నాయి. అది సరిచేస్తే, ఒకే పేరున్న లేయర్లు రెండుంటే ఒకదాని సంగతి ఇంకోదానికి పెట్టేసింది. అప్పటి నుంచి మా షాపులో పేరు లేని లేయరు, రెండు లేయర్లకు ఒకే పేరు ఉండటం నిషిద్ధం. తాళం వేసిన లేయరు దగ్గరికి రాగానే ఆగిపోయేది. "తాళం తియ్యి, సర్దు, మళ్ళీ తాళం వెయ్యి," అని ఆమె పైకి అనుకుంటూ మూడు లైన్లు రాశారు. ఆ మాట తర్వాత మా ఇద్దరికీ ఊతపదమైంది. బీరువా దగ్గరా, సంచి జిప్పు దగ్గరా అదే మాట.

అన్నిటికన్నా గుంపులు ఏడిపించాయి. కొన్ని లేయర్లను ఒక గుంపుగా కట్టిపెడతాం. ఆ గుంపులో ఇంకో గుంపు ఉండవచ్చు. స్క్రిప్టు పైన ఉన్నవాటినే చూసి లోపలివాటిని వదిలేసేది. చేసిన పనినే లోపలికి వెళ్ళి మళ్ళీ తనను తాను పిలుచుకుని చేయాలని నేను కాలేజీ భాషలో చెప్పబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపారు.

"అంటే పెళ్ళి పిలుపులా. ఇంటి పెద్దకి బొట్టు పెట్టి వచ్చేస్తే కాదు. ఆ ఇంట్లో కొడుకులు వేరు కాపురాలుంటే వాళ్ళ గుమ్మాలకీ వెళ్ళాలి. వాళ్ళ పిల్లలు వేరుంటే వాళ్ళ గుమ్మాలకీ. ఎవరూ లేరన్నాక తిరిగి రావాలి. అంతేనా?"

అంతే. నేను మూడేళ్ళు చదివినా అంత తేలిగ్గా అర్థం కాలేదు.

అది మొదటిసారి సరిగ్గా పనిచేసిన మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. పెనుగొలను కార్డు ఫైలే తెరిచారు. సరైన కార్డుగా పెట్టి, ఆ అమరికను స్క్రిప్టుతో రాయించి దాచారు. "ఇప్పుడు పాడు చెయ్యి," అన్నారు. నేను చేతికొచ్చినట్టు కళ్ళు మూశాను, తెరిచాను. ఆమె స్క్రిప్టు నడిపించారు. ఒక్కొక్క లేయరూ వెళ్ళి తన చోట కూర్చుంది. తాతగారికి శ్రీ వచ్చింది, నాయనమ్మకు కీ.శే. వచ్చింది. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. "ఇంకోసారి పాడు చెయ్యి," అన్నారు. అలా ఎన్నిసార్లు చేయించారో. చివరికి కుర్చీలో వెనక్కి వాలి, "ఇది నాలుగు నెలల ముందు రాసి ఉంటే," అన్నారు.

నేను అప్పుడు అడిగాను. "మీరెందుకు మీ మీద వేసుకున్నారు టీచరుగారూ? నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళి చెప్పేస్తాను."

"చెబితే ఏమవుతుంది? మీ మామగారు బస్సు మాన్పిస్తారు. అది అలా ఉంచు. నీ చేతికి భయం పట్టుకుంటుంది. భయపడ్డ చెయ్యి ఇంకో తప్పు చేస్తుంది. నా పేరు పాతది. కొంచెం బరువు మోస్తుంది," అన్నారు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తవద్దన్నారు. నేను ఎత్తలేదు. ఎత్తకపోవడం నాకు సుఖంగా ఉంది గనుక ఎత్తలేదు. ఇది చదివేవాళ్ళలో ఆ షాపు గురించి ఆ మాట విన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ తప్పు టైపు టీచరుగారిది కాదు. నాది. ఇన్నేళ్ళకు ఇక్కడ రాస్తున్నాను. ఆమె చదవడానికి లేరు.

స్క్రిప్టుకు ఆమె చివరగా ఒకటి జోడించారు. కార్డు ప్రెస్సుకు పంపే ఫైలుగా మార్చేముందు తెర మీద ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. ఎవరెవరి పేర్ల ముందు కీ.శే. కనిపిస్తోందో ఆ పేర్లు వరసగా చూపిస్తుంది. కింద ఒక ప్రశ్న: ఇంటికి ఫోన్ చేశారా? సరే అని నొక్కితేగాని ముందుకు కదలదు.

"అమరిక దాచుకున్నాం కదండీ, అది తప్పు చెయ్యదు కదా, మళ్ళీ ఇదెందుకు?" అన్నాను.

"మనం ఎలా పెట్టామో అది దాస్తుంది. అంతే. ఎవరున్నారో ఎవరు లేరో కంప్యూటరుకి తెలీదు. వాళ్ళింట్లో వాళ్ళకే తెలుసు. ఫోన్ చెయ్యి," అన్నారు.

అప్పటి నుంచి ఫోన్ చేయకుండా ఒక్క కార్డూ పంపలేదు. ఒకటి రెండుసార్లు ఆ ఫోన్ వల్లే తెలిసింది, కార్డుకు ఆర్డరు ఇచ్చి వెళ్ళాక ఆ వారంలోనే ఆ ఇంటి పెద్దలు పోయారని. అలాంటప్పుడు ఆమె ఫోన్ నా చేతిలోంచి తీసుకుని తానే మాట్లాడేవారు. ఏం మాట్లాడేవారో గాని చాలాసేపు వినేవారు.

పని మెల్లగా తిరిగి వచ్చింది. ఆ మాట కూడా ఊళ్ళో మెల్లగా పాతబడింది. పూర్తిగా పోయిందని చెప్పలేను.

గత ఏడాది నుంచి ఆమెకు ఒంట్లో బాగుండటం లేదు. మేడ మెట్లు ఎక్కలేక వారానికి రెండు రోజులే వచ్చేవారు. అప్పుడు నోటుబుక్కులు బయటికి తీశారు. స్క్రిప్టుల గురించి, ఎక్కడ ఏ చిక్కు వచ్చి ఎలా విప్పారో మొత్తం ఐదు పుస్తకాలు, అన్నీ షార్టుహ్యాండులో. "నువ్వు చదవలేవు. నేను చెబుతాను, రాసుకో," అన్నారు. పూర్వం పిల్లలకు డిక్టేషను ఇచ్చినట్టే, ఒకే వేగంతో, కామా దగ్గర కామా అని, ఫుల్‌స్టాపు దగ్గర ఫుల్‌స్టాపు అని పలుకుతూ చెప్పేవారు. ఊపిరి అందక మధ్యలో ఆగినా, ఆగినచోటు నుంచే అందుకునేవారు. మూడో పుస్తకం సగంలో ఆసుపత్రికి వెళ్ళారు. మిగతావి నా సొరుగులో ఉన్నాయి. తీసి చూస్తుంటాను. గీతలు, చుక్కలు. ఒక చోట మార్జినులో నా పేరు మాత్రం తెలుగులో రాసి, పక్కన మళ్ళీ షార్టుహ్యాండులో రెండు లైన్లు ఉన్నాయి. అది పొగడ్తో, మందలింపో.

పెద్దకర్మ కార్డు నన్నే చేయమని సార్ అడిగారు. పెద్ద పనేమీ లేదు. నమూనా ఉంది, దాచిన అమరిక ఉంది. పేరు మార్చాను, ఫొటో పెట్టాను. స్క్రిప్టు నడిపించాను. పెట్టె తెరుచుకుంది. అందులో ఒకే పేరు ఉంది, ఆమెది. కింద ప్రశ్న ఉంది: ఇంటికి ఫోన్ చేశారా?

సరే అని నొక్కవచ్చు. నాకు తెలియనిదేమీ లేదు. ముందు రోజు శ్మశానం దాకా వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం నేను చూశాను. అయినా వేలు కదలలేదు. ఫోన్ తీసి చేశాను. సార్ ఎత్తారు.

"ఏంటమ్మా?"

"ఏం లేదు సార్. కార్డు పంపేముందు... టీచరుగారి పేరు ముందు... ఇంటికి ఫోన్ చేసి అడగాలి కదా అని."

ఆ పెట్టె సంగతి ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు.

"పెట్టమ్మా," అన్నారు.

నొక్కాను.

పెద్దకర్మ రోజున వాళ్ళింటి ముందు వీధిలో షామియానా వేశారు. నేను అనుకున్నదానికి నాలుగింతల మంది వచ్చారు. ఎక్కువమంది ఆమె దగ్గర టైపు నేర్చుకున్నవాళ్ళే. బ్యాంకు మేనేజరు ఒకాయన, కోర్టులో స్టెనోగా చేసి రిటైరైనావిడ, మండలాఫీసు గుమాస్తాలు, ఒక హైస్కూలు హెడ్మిస్ట్రెస్సు. అందరూ ఆమె కంటే కొంచెమే చిన్నవాళ్ళలా ఉన్నారు. వాళ్ళ మధ్య పెనుగొలను పెళ్ళికొడుకు తల్లి కనిపించింది. జుట్టు నెరిసింది. కోపంగా కార్డు టేబులు మీద పెట్టిన మనిషే. నేను దగ్గరకు వెళ్ళాను. చాలాకాలంగా లోపల కూడబెట్టుకున్న మాట, పరిచయం కూడా చేసుకోకుండానే బయటికి వచ్చేసింది.

"అండీ, అప్పుడు ఆ కార్డులో తప్పు చేసింది టీచరుగారు కాదు. నేను."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఆశ్చర్యపోలేదు.

"తెలుసు," అంది. "నువ్వు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేటప్పుడు సగం నా చీర మీద పోశావు. ఆవిడ చెయ్యి మాత్రం నిమ్మళంగా ఉంది. తప్పు చేసినోళ్ళ చెయ్యి అట్టా ఉండదుగా."

ఆమే మళ్ళీ అంది, చూపు పక్కకు తిప్పుకుని. "తెలిసి కూడా ఊళ్ళో ఆవిడ పేరే చెప్పా. కోపంలో చెప్పా. తర్వాత కోపం పోయింది, చెప్పిన మాట పోలేదు. ఎప్పటికప్పుడు వచ్చి ఒక మాట అనాలనుకుంటూనే ఉన్నా. ఇవాళ వచ్చా. ఎవరితో అంటాను?"

తర్వాత ఆమె, వాళ్ళ మామగారు ఆ పెళ్ళయ్యాక నాలుగేళ్ళు బతికారని చెప్పింది. ఆయన పోయాక దిండు గలీబు ఉతకబోతే అందులో ఆ పాత కార్డు దొరికిందట, అంచులు అరిగిపోయి. "తగలెయ్యాలనే తీశా. చెయ్యి రాలేదు. మా అత్తయ్య ఫొటో వెనక పెట్టా," అంది. ఆ మాట టీచరుగారికి చెప్పి ఉంటే ఎంత బాగుండేదో ఆమె అనలేదు, నేనూ అనలేదు.

భోజనాలకు పిలిచారు. పొడుగాటి టేబుళ్ళు వేసి, వాటి మీద తెల్ల కాగితం పరిచారు. నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఎదుటి వరుసలో బ్యాంకు మేనేజరు, స్టెనో ఆవిడ, ఇంకా నాకు తెలియనివాళ్ళు. ఆకులు వేశారు. నీళ్ళు పోశారు. వడ్డన ఆలస్యమవుతోంది. స్టెనో ఆవిడ ఎడమ చెయ్యి ఆకు పక్కన కాగితం మీద ఉంది. చిటికెన వేలు కదిలింది, తర్వాత ఉంగరం వేలు, తర్వాత మధ్య వేలు, చూపుడు వేలు. మళ్ళీ చిటికెన వేలు. టైపులో చేరినవాళ్ళు మొదటి వారమంతా కొట్టే నాలుగక్షరాలు అవి. ఆమెకు తాను చేస్తున్నట్టు తెలియదు. ఆమె ఆకు వైపే చూస్తోంది. పక్కన మేనేజరుగారి వేళ్ళూ అలాగే కదులుతున్నాయి, కొంచెం మెల్లగా. ఆయన అవతల ఇంకొకరివి. ఒకరినొకరు చూసుకోవడం లేదు. వేళ్ళు ఆనినచోట కాగితం సన్నగా చప్పుడు చేస్తోంది. అన్నం బకెట్టు ఇంకా రెండు వరుసల అవతలే ఉంది.